లేక్ టాహో నుంచి లాస్ ఏంజిలెస్‌కి కారులో: 395 మీదుగా వెళ్లాలా, ఐ-5 పట్టుకోవాలా?

సింధూర_డాలస్

అందరికీ నమస్కారం. సెప్టెంబరు చివర్లో నేనూ మావారూ కాలిఫోర్నియా వస్తున్నాం. రీనోలో విమానం దిగి కారు అద్దెకు తీసుకుంటాం. టాహోలో ఉండి, అక్కణ్ణుంచి కారులోనే లాస్ ఏంజిలెస్ చేరి, కారు అక్కడ అప్పగించి ఇంటికి వెళ్తాం. పెళ్లయ్యాక ఇద్దరమే వెళ్తున్న పెద్ద ప్రయాణం ఇదే. ఇన్నాళ్లూ సెలవు దొరికితే ఇండియా వెళ్లి రావడానికే సరిపోయింది.

మా ఇద్దరి మధ్య తేలనిది దారి ఒక్కటే. శాక్రమెంటో దిగి ఐ-5 హైవే పట్టుకుంటే ఒక్క పగటిలో చేరిపోతాం, ఎల్‌ఏలో ఎక్కువ సమయం దొరుకుతుంది అని ఆయన అంటారు. నాకేమో సియెరా నెవాడా కొండలకి తూర్పు పక్కన దిగే 395 హైవే మీద మనసుంది. ఒకట్రెండు రాత్రులు మధ్యలో ఆగగలం. ఇద్దరం నడుపుతాం గానీ నాకు కొండ దారులు అలవాటు లేదు. శాకాహారులం. ఆ దారిలో నిజంగా ఆగి చూడాల్సినవి ఏమిటో, ఎక్కడ పడుకుంటే మంచిదో చెప్పగలరా? మావారు కూడా ఈ చర్చ చదువుతున్నారు.

వంశీ_ఇర్వైన్

నేను మీవారి పక్షం. 395 అందమైన రోడ్డే, కాదనను. కానీ ఎల్‌ఏకి మొదటిసారి వస్తున్నారు కదా. గ్రిఫిత్ అబ్జర్వేటరీ, గెట్టీ మ్యూజియం, కాలబాసస్‌లో వేంకటేశ్వర స్వామి గుడి, శాంటా మోనికా బీచ్, ఆర్టీషియాలో పయొనీర్ బౌలెవార్డ్. ఇవన్నీ ట్రాఫిక్‌లో తిరగాలంటే ఎన్ని రోజులైనా చాలవు. ఊరి కోసం వస్తున్నప్పుడు సమయం ఆ ఊరికే ఇవ్వాలి. ఐ-5 మీద దారి పొడుగునా బంకులు, రెస్ట్ ఏరియాలు, ఫోన్ సిగ్నల్ ఉంటాయి. అలవాటు లేనివాళ్లకి టెన్షన్ ఉండదు.

హైవేరాజు

నేను రీనో, ఎల్‌ఏ మధ్య సరుకు బండి నడుపుతాను. రెండు దారులూ తెలిసినవాడిగా చెప్తున్నాను.

ముందు దూరం సంగతి. సౌత్ లేక్ టాహో నుంచి 395 మీద ఎల్‌ఏ సుమారు 450 మైళ్లు. శాక్రమెంటో చుట్టి ఐ-5 మీద వెళ్తే ఇంకాస్త ఎక్కువే. ఎటు వెళ్లినా ఆగకుండా నడిపితే ఎనిమిది గంటల పని. కాబట్టి 395 చుట్టుదారి కాదు. తేడా అల్లా ఏమిటంటే, ఐ-5 మీద ఆగాలనిపించదు, 395 మీద ఆగకుండా వెళ్లలేరు.

టాహో నుంచి 395 ఎక్కడానికి మంచి దారి హైవే 89. మేయర్స్ దగ్గర లూథర్ పాస్ ఎక్కి, హోప్ వ్యాలీలోకి దిగి, మార్క్లీవిల్ మీదుగా మానిటర్ పాస్ దాటితే టోపాజ్ దగ్గర 395లో కలుస్తారు. మానిటర్ పాస్ ఎత్తు 8,314 అడుగులు. మలుపులు ఉన్నాయి, రోడ్డు మాత్రం బాగుంటుంది. దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజన్‌తోనే బండిని ఆపుకుంటూ రండి, బ్రేకు మీద కాలు పెట్టి ఉంచొద్దు. కొండ దారి అంటే భయపడేవాళ్లు స్టేట్‌లైన్ నుంచి కింగ్స్‌బరీ గ్రేడ్ దిగి మిండెన్, గార్డ్‌నర్‌విల్ మీదుగా రావచ్చు.

పెట్రోల్ నెవాడా వైపే నింపుకోండి. బ్రిడ్జ్‌పోర్ట్, లీ వైనింగ్ బంకుల్లో రేటు చూస్తే గుండె గుభేల్మంటుంది. బిషప్ దగ్గర పాయూట్ తెగవాళ్ల బంకులో మళ్లీ కాస్త నయం. ఊళ్లు వచ్చినప్పుడు స్పీడు 65 నుంచి ఒక్కసారిగా 25–35కి పడిపోతుంది. బ్రిడ్జ్‌పోర్ట్, బిగ్ పైన్, ఇండిపెండెన్స్, లోన్ పైన్ అన్నిచోట్లా అంతే, పోలీసులు అక్కడే ఉంటారు. పొద్దు వాలాక వాకర్, బ్రిడ్జ్‌పోర్ట్ లోయల్లో జింకలు రోడ్డు మీదికి వస్తాయి. చీకటి పడకముందే గదికి చేరేలా చూసుకోండి. మ్యాపులు ఫోన్‌లో ముందే దింపుకోండి, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.

కొల్లేటికొంగ

సింధూర గారూ, 395 మీదే వెళ్లండి. మీవారిని నేను ఒప్పిస్తాను.

నేను శాక్రమెంటోలో ఉంటాను. సెలవు దొరికితే పక్షుల కోసం మోనో లేక్ వెళ్తాను. బ్రిడ్జ్‌పోర్ట్ దాటాక కాన్వే సమ్మిట్ వస్తుంది, 8,143 అడుగులు. 395 మొత్తంలో ఎత్తైన చోటు అదే. అది దాటి దిగుతూ ఉంటే వ్యూ పాయింట్ దగ్గర ఒక్కసారిగా సరస్సు మొత్తం కనపడుతుంది. సెప్టెంబరు చివరంటే ఆ కొండవాలులో ఆస్పెన్ చెట్లు పసుపు రంగుకి తిరుగుతుంటాయి.

టాహో చూసి మోనో చూడాలి, అదే వరస. టాహో అంటే 1,645 అడుగుల లోతున్న మంచినీటి సరస్సు. అమెరికాలో దానికంటే లోతైనది క్రేటర్ లేక్ ఒక్కటే. ఆ నీళ్లు ట్రకీ నదిగా బయటికి వెళ్లి నెవాడాలోని పిరమిడ్ లేక్‌లో ఆగిపోతాయి, సముద్రం చేరవు. మోనో నుంచి అలా కూడా నీళ్లు బయటికి పోయే దారి లేదు. కొండల మీది నుంచి వాగులు వచ్చి చేరుతాయి, ఎండకి ఆవిరవుతాయి, ఉప్పు మిగులుతుంది. లక్షల ఏళ్లుగా జరుగుతున్నది అదే. ఇప్పుడు సముద్రం కంటే రెండింతలకు పైగా ఉప్పన. చేప ఒక్కటీ బతకదు. కానీ గోరంత ఉప్పునీటి రొయ్యలు, ఒడ్డున నల్లటి చారలా పేరుకునే ఈగలు కోట్ల కొద్దీ ఉంటాయి. వాటి కోసం పక్షులు వస్తాయి. మీరు వెళ్లే రోజుల్లో గ్రీబులనే నీటి పక్షులు లక్షల్లో ఉంటాయి. శీతాకాలం దక్షిణానికి ఎగిరిపోయే ముందు అవి కడుపు నింపుకునేది ఇక్కడే. కొల్లేరు ఒడ్డున పెరిగినవాణ్ణి, పక్షులు ఎక్కువగా దిగే సరస్సు ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచీ చూశాను. మోనో ముందు నాకు మాట రాలేదు.

సౌత్ టూఫా దగ్గర నడవండి. నీళ్లలోంచి లేచిన తెల్లటి సున్నపు స్తంభాలు కనపడతాయి. సరస్సు అడుగున ఊటలు ఊరి, ఊట నీటిలోని కాల్షియం సరస్సు నీటిలోని కార్బనేటుతో కలిసి ఒక్కో స్తంభం కట్టుకుంది. అంటే అవన్నీ నీళ్ల లోపల పెరిగినవి. ఇప్పుడు పక్కన నిలబడి ఫొటో తీసుకోగలుగుతున్నామంటే నీళ్లు దిగిపోయాయి కాబట్టే. 1941 నుంచి ఆ వాగుల నీటిని లాస్ ఏంజిలెస్ మళ్లించుకుంది. 1982 నాటికి మట్టం దాదాపు 45 అడుగులు పడిపోయింది. నీటి మధ్య ఉండే నెగిట్ దీవికి నేల బయటపడి దారి ఏర్పడితే, 1979లో కొయోటీలు (తోడేలు జాతి జంతువులు) నడిచి వెళ్లి గల్ పక్షుల గూళ్ల మీద పడ్డాయి.

మీరు వెళ్తున్న ఊరి కుళాయిలోకి వచ్చే నీళ్ల కథ ఇది. ఐ-5 మీద వెళ్తే ఇది కనపడదు.

వంశీ_ఇర్వైన్

కొంగ గారూ, మీరు చెప్పిన తీరుకి నాకే వెళ్లాలనిపిస్తోంది. అయినా ఒక్క మాట. ఎల్‌ఏ ఏదో దొంగతనం చేసిందన్నట్టు రాయడం నాకు నచ్చదు. ఆ ఊళ్లో దాదాపు 40 లక్షల మంది ఉన్నారు, చాలామంది మనలాగే పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లు. వాళ్లకీ దాహం వేస్తుంది. 1970ల కంటే జనం పది లక్షలు పెరిగినా ఊరి నీటి వాడకం పెరగలేదు. దాన్నీ చెప్పాలి.

కొల్లేటికొంగ

చెప్పాలి, ఒప్పుకుంటాను. ఆ పొదుపు అలవాటు రావడంలో మోనో గొడవకీ పాత్ర ఉంది. 1978లో కొద్దిమంది యువ పరిశోధకులు మోనో లేక్ కమిటీ పెట్టారు. 1983లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు, ఇలాంటి సరస్సులను ప్రజల తరఫున ప్రభుత్వం కాపాడాలని తీర్పు ఇచ్చింది. 1994లో రాష్ట్ర నీటి బోర్డు సరస్సు మట్టం 6,392 అడుగులకు చేరాలని ఆదేశించింది. ఇప్పటికీ అక్కడికి చేరలేదు. కమిటీ వాళ్లు ఒకవైపు కోర్టుకు వెళ్తూనే, మరోవైపు ఎల్‌ఏలో తక్కువ నీళ్లు వాడే టాయిలెట్లు పెట్టించడం లాంటి పనులకు కూడా తోడు నిలిచారు. ఊరికి నీళ్లు ఉండాలి, సరస్సూ ఉండాలి అన్నదే నా మాట కూడా.

అన్నపూర్ణ_శాన్‌హోసే

తిండి సంగతి నేను చెప్తానమ్మా సింధూరా. ఆ దారిలో మన హోటల్ దొరుకుతుందని నమ్ముకోవద్దు. చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, ఒక సంచీ బియ్యం, పప్పుల పొడి, గోంగూర పచ్చడి, చిన్న నెయ్యి సీసా పెట్టుకో. రీనోలోనే పెరుగు కొనుక్కో. గది తీసుకునేటప్పుడు ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉందో లేదో చూసుకో. మొదటి రోజుకి పులిహోర కలిపి తీసుకెళ్తే మోనో లేక్ దగ్గర నీడలో కూర్చుని తినచ్చు. బిషప్‌లో షాట్స్ బేకరీ ఉంది, గొర్రెల కాపరుల రొట్టె అని అమ్ముతారు. వేడిగా ఉన్నప్పుడు కొనండి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. టాహోలోనూ మామత్ లేక్స్‌లోనూ రాత్రిపూట కారులో తిండి వస్తువు ఏదీ ఉంచొద్దు. ఎలుగుబంట్లు కారు తలుపు తీసేస్తాయి, రాకపోతే విరిచేస్తాయి. పచ్చడి సీసా అయినా సరే, లోపలికి తెచ్చుకోవాలి.

లహరి_ఫ్రీమాంట్

నేను బడిలో చరిత్ర చెప్తాను. ఎక్కడ ఆగినా ఆగకపోయినా మాంజనార్‌లో ఆగండి. ఇండిపెండెన్స్‌కీ లోన్ పైన్‌కీ మధ్య రోడ్డు పక్కనే ఉంటుంది. ప్రవేశానికి డబ్బు తీసుకోరు.

1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిన 9066 నంబరు ఉత్తర్వుతో పశ్చిమ తీరంలోని జపనీస్ కుటుంబాలను ఇళ్లలోంచి లేపి పది శిబిరాలకు తరలించారు. మొత్తం దాదాపు 1,20,000 మంది. వాళ్లలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. మాంజనార్‌లో ఒక దశలో 10,000 మందికి పైగా ఉన్నారు. ముళ్ల కంచె, కావలి బురుజులు, చెక్క బారకాసులు. 1945 నవంబరులో మూసేశారు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, అప్పటికి బతికి ఉన్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది.

ఆ నేలకి ఇంకా పాత కథ ఉంది. మాంజనార్ ఉన్న ఓవెన్స్ లోయ పాయూట్లది. కొండ వాగుల నుంచి కాలువలు తవ్వి తిండి మొక్కలకు నీళ్లు పెట్టుకునేవాళ్లు. 1863లో సైన్యం వాళ్లలో దాదాపు వెయ్యిమందిని దక్షిణాన ఫోర్ట్ టెహోన్‌కి నడిపించి తీసుకుపోయింది. తర్వాత రైతులు వచ్చి ఆపిల్, పియర్ తోటలు వేశారు. 1920లలో ఎల్‌ఏ నీళ్ల కోసం ఆ భూములు కొనేసింది, ఊరు ఖాళీ అయింది. 1942లో ఎల్‌ఏ చేతిలో ఉన్న ఆ నేల మీదే శిబిరం కట్టారు. ఒకే చోట మూడుసార్లు మనుషుల్ని కదిలించారు. నా విద్యార్థులకు నేను ఇది ఒక్క పాఠంగానే చెప్తాను.

లోపల ఉన్నవాళ్లు మాత్రం అక్కడ కూడా తోటలు వేసుకున్నారు. రాళ్లు పేర్చి, చెరువులు తవ్వి, వంతెనలు కట్టారు. అవి ఇసుకలో పూడిపోతే మళ్లీ తవ్వి బయటికి తీశారు. శ్మశానంలో 1943లో కట్టిన తెల్లటి స్తంభం దగ్గరికి తప్పకుండా వెళ్లండి. కనీసం రెండు గంటలు కేటాయించండి.

పెన్నాతీరం

అందరికీ నమస్కారాలు. నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మాది నెల్లూరు. ప్రస్తుతం కాలిఫోర్నియాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఈ చర్చ చూసి ఊరుకోలేకపోయాను.

ఓవెన్స్ లోయ నీళ్లను ఊరికి తెచ్చే లాస్ ఏంజిలెస్ కాలువలో 1913 నవంబరు 5న నీళ్లు పారడం మొదలైంది. పొడవు 233 మైళ్లు. ఒక్క పంపు లేదు. కొండ నుంచి ఊరిదాకా నీరు వాలు మీదే వస్తుంది. ఆ కాలంలో, ఎడారిలో, కంచరగాడిదలతో సామాను మోయించి అంత వాలు తప్పకుండా కట్టడం మామూలు పని కాదు. చీఫ్ ఇంజనీరు విలియం ముల్‌హోలండ్ ప్రారంభం రోజున జనంతో అన్నది ఒక్కటే మాట: “అదిగో, తీసుకోండి.” 1900లో లక్ష జనాభా ఉన్న ఊరు 1930కి పన్నెండు లక్షలు దాటింది. ఇంజనీరుగా నాకు ఆయన పని మీద గౌరవం ఉంది.

నీరు తీసుకున్న చోట ఏమి మిగిలిందన్నది వేరే లెక్క. ఓవెన్స్ లేక్ 1920లలోనే ఎండిపోయింది. ఎండిన అడుగు నుంచి లేచే దుమ్ము దశాబ్దాలపాటు అమెరికాలోనే అతి పెద్ద దుమ్ము సమస్యగా ఉండేది. ఇప్పుడు ఎల్‌ఏ నీటి శాఖే ఆ నేలను తడిపి, కంకర పరిచి దుమ్ము అణచాల్సి వస్తోంది. తడిపిన మడుగుల్లోకి పక్షులు తిరిగి వస్తున్నాయి.

ఈ కథ మనకు కొత్త కాదు. కృష్ణా నీళ్లు చెన్నైకి తెలుగుగంగ ద్వారా వెళ్తాయి. 1983లో ఒప్పందం, 1996లో నీళ్లు. కర్ణాటక, మహారాష్ట్ర, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదులుకుంటే, దారి నష్టం పోను 12 టీఎంసీలు తమిళనాడు సరిహద్దు చేరాలి. శ్రీశైలం నుంచి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా పూండికి. అయితే ఆ కాలువను దారిలోని రాయలసీమ, నెల్లూరు పొలాలకు కూడా పారేలా తీర్చారు. నా దృష్టిలో ముఖ్యమైన తేడా అదే. కాలువ ఎవరి పొలం పక్కనుంచి పోతుందో వాళ్లకీ చారెడు నీళ్లు దక్కాలి. ఓవెన్స్ లోయలో అది జరగలేదు కాబట్టే 1924 నవంబరులో అక్కడి జనం లోన్ పైన్ దగ్గర అలబామా గేట్లు తెరిచి, నీటిని తిరిగి లోయలోకి వదిలి, కుటుంబాలతో సహా నాలుగు రోజులు అక్కడే కూర్చున్నారు.

శ్రీశైలం ముంపులో ఇళ్లు పోగొట్టుకున్నవారిని చూసినవాడిని. కాలువ కథ చెప్పేటప్పుడు వాళ్లనీ చెప్పాలి.

సింధూర_డాలస్

ఇన్ని వివరాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పెన్నాతీరం గారూ, మీరు రాసింది మావారు రెండుసార్లు చదివారు. ఆయనది సూళ్లూరుపేట. కండలేరు కాలువ గట్టు మీద స్నేహితులతో సైకిలు తొక్కిన రోజులు గుర్తొచ్చాయట. 395 ఖాయం. రెండో రాత్రికి మామత్ లేక్స్‌లో గది తీసుకోవాలా, బిషప్‌లోనా?

హైవేరాజు

మామత్ 7,900 అడుగుల ఎత్తు దగ్గర ఉంటుంది, బిషప్ 4,150. టాహో కూడా 6,200 పైనే కాబట్టి అప్పటికి అలవాటు పడి ఉంటారు. అయినా నిద్ర బాగా పట్టాలంటే బిషప్ నయం, గది ధర కూడా తక్కువ. మధ్యలో షెర్విన్ గ్రేడ్ దిగాలి, నాలుగు లేన్ల మంచి రోడ్డు. కొండ దారి అలవాటు చేసుకోవాలంటే మేడమ్ గారు అది నడపండి.

బోడీ వెళ్లాలనుకుంటే ఒక మాట. బంగారం కోసం పుట్టి 1880 ప్రాంతంలో వేలమంది బతికిన ఊరది, ఇప్పుడు మనిషి లేడు. కూలిపోకుండా నిలబెడతారు గానీ కొత్తగా ఏమీ కట్టరు. చూడాల్సిందే. కానీ చివరి 3 మైళ్లు మట్టి రోడ్డు. అద్దె కార్ల ఒప్పందాల్లో మట్టి రోడ్డు మీద తిప్పకూడదని చాలావాటిలో ఉంటుంది, మీ కాగితం చదివి నిర్ణయించుకోండి. అక్కడ తిండి, పెట్రోల్ దొరకవు.

సింధూర_డాలస్

వెళ్లి వచ్చాం. అడిగినవాళ్లందరికీ చెప్పాలి కదా, కూర్చుని రాస్తున్నాను.

టాహోలో ఎమరాల్డ్ బే పొద్దున్నే చేరాం. ఎనిమిది దాటితే పార్కింగ్ దొరకదని ఇక్కడ ఎవరో పాత చర్చలో రాశారు, అక్షరాలా నిజం. మేం తిరిగి ఎక్కేసరికి కార్లు రోడ్డు మీద వరస కట్టి ఉన్నాయి. బే మధ్యలో ఉన్న ఫానెట్ దీవి, టాహో మొత్తానికి అదొక్కటే దీవి. ఒడ్డున 1929లో కట్టిన వైకింగ్స్‌హోమ్ భవనం దాకా దిగడం తేలికే, ఎక్కడం కష్టం. అక్కడ చదివి తెలుసుకున్నది ఒకటి. తెల్లటి పళ్లెం నీళ్లలోకి దించి అది ఎంత లోతు దాకా కనపడుతుందో 1968 నుంచి కొలుస్తున్నారు. అప్పట్లో 100 అడుగులు దాటి కనపడేది, ఈమధ్య 60, 70 అడుగుల మధ్య ఉంటోంది. నాకు అడుగు రాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా కనిపించిన నీరు, పూర్వం ఇంకెంత తేటగా ఉండేదో.

మానిటర్ పాస్ ఆయన నడిపారు. హోప్ వ్యాలీలో ఆస్పెన్లు సగం పచ్చగా సగం పసుపుగా ఉన్నాయి. బోడీ మానేశాం, మా కారు ఒప్పందంలో మట్టి రోడ్డు వద్దని స్పష్టంగా ఉంది.

మోనో లేక్ గురించి కొంగ గారు రాసినదానికి నేను కలపగలిగింది తక్కువ. సౌత్ టూఫా దారిలో పాత నీటి మట్టం ఎక్కడ ఉండేదో బోర్డులు పెట్టారు. కారు దిగిన చోటి నుంచి ఒడ్డుకి నడుస్తూ ఉంటే ఒక్కో బోర్డూ దాటుతాం. అంటే ఆ నడక అంతా ఒకప్పుడు నీటి అడుగు. మావారు అక్కడ ఆగి, “ఈ నీళ్లేనా రేపు మీ పిన్ని వాళ్ల దగ్గర తాగేది?” అన్నారు. పిన్ని వాళ్లు ఉండే ఆర్టీషియా వేరే ఊరు, వాళ్ల నీళ్లు వేరే అని తర్వాత మా బాబాయి చెప్పారు. కానీ ఆ ప్రశ్న అడిగాక ఆయన ఐ-5 మాట ఎత్తలేదు. గ్రీబులు నిజంగానే కంటికి ఆనినంత మేర ఉన్నాయి. అన్నపూర్ణ అత్తా, పులిహోర అక్కడే తిన్నాం.

షెర్విన్ గ్రేడ్ నేనే నడిపాను. రాజు గారు చెప్పినట్టు గేరు తగ్గించి నెమ్మదిగా దిగాను. ఎడమ పక్క వైట్ మౌంటెన్స్, కుడి పక్క సియెరా, మధ్యలో లోయ. ఆయన పక్క సీట్లో కూర్చుని ఒక్క సలహా కూడా ఇవ్వకుండా చూస్తూ ఉన్నారు. అది నాకు చాలా పెద్ద విషయం.

మాంజనార్‌లో లహరి గారు చెప్పిన రెండు గంటలు సరిపోలేదు. లోపల పెద్ద గుడ్డ మీద అక్కడ ఉన్నవాళ్ల పేర్లన్నీ రాసి వేలాడదీశారు, పదివేలకు పైగా. మేం ఇద్దరం ఈ దేశంలో వీసా మీద ఉన్నవాళ్లం, గ్రీన్ కార్డు వరసలో నిలబడి చాలా కాలమైంది. పౌరసత్వం ఉన్నవాళ్లకే అలా జరిగిందని ఆ పేర్ల ముందు నిలబడి చదువుతుంటే కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. బారకాసులో పరుపుగా వాడిన గడ్డి నింపిన సంచులు చూశాం. నేల పలకల సందుల్లోంచి ఇసుక ఎలా లోపలికి వచ్చేదో రాసి ఉంది. మేం బయటికి వచ్చేసరికి గాలి లేచింది, అదే ఇసుక మా మొహాల మీద పడింది. పాత తోటలోని పియర్ చెట్లు ఇంకా కొన్ని బతికే ఉన్నాయి.

ఆ రోజు లోన్ పైన్‌లో ఉండిపోయాం. ఊళ్లోంచి చూస్తే ఎత్తుగా కనపడేది విట్నీ కాదు, ముందున్న లోన్ పైన్ పీక్. 14,505 అడుగుల విట్నీ దానికి కుడి పక్కన వెనకగా, రంపం పళ్లలా ఉంటుంది. పొద్దున అలబామా హిల్స్‌కి వెళ్లాం. 1930లలో హాలీవుడ్ వాళ్లు మన వాయవ్య సరిహద్దు కనుమల కథల్ని ఆ బండరాళ్ల మధ్యే తీశారట. రాయలసీమ గుట్టల్లో తిరిగినట్టే ఉంది, వెనక మంచు కొండలు తప్పిస్తే.

తర్వాత ఓవెన్స్ లేక్ పక్కగా దిగి, రెడ్ రాక్ కాన్యన్‌లో ఎర్ర రాతి గోడల దగ్గర ఆగాం. దాని దగ్గర్లోనే జాబోన్ కాన్యన్‌లో కొండ దిగి మళ్లీ ఎక్కే పెద్ద గొట్టం రోడ్డు మీదికే కనపడుతుంది. పంపు లేకుండా నీరు అంత ఎత్తు ఎలా ఎక్కుతుందో మావారు కాగితం మీద గీసి చూపించారు. హైవే 14 వెళ్లి ఐ-5లో కలిశాక సిల్మార్ దగ్గర ఎడమ వైపు కొండ మీంచి కాలువ నీళ్లు మెట్లు మెట్లుగా దూకుతూ కనపడ్డాయి. ఆయనే ముందు చూశారు.

వంశీ గారూ, మీ ఊరిని తక్కువ చేయడం లేదు. కాలబాసస్ గుడికి వెళ్లాం, గ్రిఫిత్ నుంచి రాత్రి దీపాలు చూశాం. ఆ దీపాల కింద ఉన్న ప్రతి ఇంటికీ నీళ్లు ఎక్కడి నుంచో రావాలి అని అనుకుంటూ చూశాం. ఈ ఊరికి రావాలంటే ఆ లోయ మీదుగానే రావాలని ఇప్పుడు నేను ఎవరికైనా చెప్తాను.

లహరి_ఫ్రీమాంట్

పేర్ల గుడ్డ దగ్గర మీరు రాసింది మా పిల్లలకి చదివి వినిపించవచ్చా? మీ పేరు చెప్పను.

సింధూర_డాలస్

తప్పకుండా లహరి గారూ. చెప్పినా ఫర్వాలేదు.

వంశీ_ఇర్వైన్

చదివాను. ఇక్కడ ఇన్నేళ్లుగా ఉంటూ సిల్మార్ దగ్గర ఆ నీళ్లను రోజూ దాటుతుంటాను, అవి ఏమిటో ఆలోచించలేదు. పెన్నాతీరం గారూ, మీరు మా దగ్గర్లోనే ఉంటే ఒక శనివారం ఓవెన్స్ లేక్ దాకా తీసుకెళ్తాను, మాట ఇస్తున్నాను. మీతో పాటు చూడాలని ఉంది.

పెన్నాతీరం

సంతోషం నాయనా. అలబామా గేట్లు కూడా చూపించాలి. మా ఆవిడ కూడా వస్తుంది.

కార్తీక్_సియాటిల్

మంచి చర్చ. మేం డిసెంబరు ఆఖర్లో ఇదే దారిలో వెళ్లాలనుకుంటున్నాం, నేనూ నా భార్యా. కుదురుతుందా?

హైవేరాజు

395 కుదురుతుంది, కొన్ని షరతులతో. మానిటర్ పాస్, టయోగా పాస్ అప్పటికి మూసేసి ఉంటాయి, మ్యాప్ ఆ దారి చూపించినా నమ్మొద్దు. టాహో నుంచి కింగ్స్‌బరీ గ్రేడ్ దిగి మిండెన్ మీదుగా రండి. కాన్వే సమ్మిట్, మామత్ దగ్గర మంచు పడితే టైర్ చైన్లు అడుగుతారు, తుఫాను పెద్దదైతే రోడ్డే ఆపేస్తారు. చైన్లు కారులో ఉంచుకోండి, ముందే ఇంటి దగ్గర ఒకసారి వేసి చూడండి. బయల్దేరే ముందు కాల్ట్రాన్స్ (రాష్ట్ర రోడ్ల శాఖ) వాళ్ల క్విక్‌మ్యాప్ చూడండి. దుప్పట్లు, మంచినీళ్లు, నిండు ట్యాంకు తప్పనిసరి. లీ వైనింగ్‌లో చాలా హోటళ్లు చలికాలం మూసేస్తారు కాబట్టి రాత్రి బిషప్‌లోనే గది పెట్టుకోండి. మాంజనార్ వెళ్లే ముందు ఏ రోజుల్లో తెరుస్తారో వాళ్ల సైటులో చూసుకోండి. ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకుంటే దారి మూసినా కంగారు ఉండదు.